బోల్టులు పట్టినంత మాత్రాన అల్లాయ్ వీల్ ఫిట్ అయినట్టు కాదు

టైప్-సి పిన్ పోర్టులో పట్టినంత మాత్రాన ఫాస్ట్ ఛార్జింగ్ రాదని మనందరికీ తెలుసు. వాట్స్ ఎన్ని, ప్రోటోకాల్ ఏంటి అని చూడకుండా ఛార్జర్ కొనం. కానీ సెకండ్ హ్యాండ్ అల్లాయ్స్ దగ్గరికి వచ్చేసరికి డిజైన్ చూస్తాం, రేటు చూస్తాం, "నాలుగు బోల్టులే కదా" అని డబ్బులు ఇచ్చేస్తాం. ఛార్జర్ తప్పయితే ఫోన్ మెల్లగా ఎక్కుతుంది, అంతే. వీల్ తప్పయితే ఏమవుతుందో నేను బోధన్ రోడ్డు మీద చూశాను.

మా బావ స్విఫ్ట్‌కు నిజామాబాద్‌లో ఒక సెట్ దొరికింది. హోండా సిటీ నుంచి తీసినవి, ఒక్క గీత కూడా లేదు. ఫొటో చూసి "తీస్కో బావా, మస్తున్నయ్" అన్నది నేనే. బిగించిన మూడో రోజు అక్కను, పిల్లలను ఎక్కించుకుని బోధన్ బయల్దేరాం. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా ఆ దారిలో ట్రాక్టర్లకు మాత్రం కొదవ లేదు. ఎడపల్లి దాటాక ఒక ట్రాక్టర్‌ను ఓవర్‌టేక్ చేద్దామని 70 దాటించేసరికి స్టీరింగ్ వణకడం మొదలైంది. పక్కకు ఆపి చూస్తే ముందు ఎడమ చక్రం నట్లు చేత్తోనే తిరుగుతున్నయ్. ఇంకో పది కిలోమీటర్లు అలాగే పోయి ఉంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తప్పెక్కడ జరిగింది?

రెండు కార్ల పీసీడీ ఒకటే, 4×100. అంటే నాలుగు బోల్టులు, వాటి మధ్యలోంచి గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ. అందుకే చక్రం చక్కగా ఎక్కింది. కానీ స్విఫ్ట్ హబ్ 54.1 మి.మీ., హోండా వీల్ మధ్య రంధ్రం 56.1 మి.మీ. ఆ రెండు మిల్లీమీటర్ల ఖాళీ వల్ల చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోలేదు. దీనికి హబ్ రింగ్ వేస్తే సరిపోతుంది.

అసలు ప్రమాదం నట్ల దగ్గర ఉంది. హోండా కంపెనీ వీల్‌లో నట్ కూర్చునే చోటు గుండ్రంగా, గిన్నెలా ఉంటుంది. సుజుకీ నట్ కొన శంకువులా ఉంటుంది. ఒకదాంట్లో ఇంకోటి బిగిస్తే సన్నటి అంచు మీద మాత్రమే ఆనుతుంది. ఎంత బిగించినా వదులవుతుంది. పోనీ హోండా నట్లే వాడదామంటే వాటి మర ఎం12×1.5, సుజుకీది ఎం12×1.25. బలవంతంగా ఎక్కిస్తే స్టడ్ పాడవుతుంది.

వెనక వైపు ఫొటో అడగండి

నా మాట ఒక్కటే: ముందు వైపు ఫొటో మాత్రమే పంపేవాళ్ల దగ్గర కొనకండి. స్పెక్స్ చెప్పని ఫోన్ కొంటామా? అల్లాయ్‌కు స్పెక్ షీట్ దాని వెనకే అచ్చు వేసి ఉంటుంది: సైజు, వెడల్పు, ఆఫ్‌సెట్. చాలా వాటి మీద ఎంత బరువు మోస్తుందో కూడా ఉంటుంది.

ఆఫ్‌సెట్‌ను ఈటీ అని రాస్తారు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 5.5జే, ఈటీ45 ఉన్న రిమ్ తీసి 7జే, ఈటీ35 వేశారనుకోండి. చక్రం బయటికి 29 మి.మీ., లోపలికి 9 మి.మీ. జరుగుతుంది. బయట ఫెండర్‌కు, లోపల సస్పెన్షన్‌కు తగలొచ్చు. ఖాళీ కారుతో షాపు ముందు ఒక రౌండ్ వేస్తే ఇది తెలియదు. ఐదుగురిని ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఒక స్పీడ్ బ్రేకర్ దాటించి చూడాలి.

పీసీడీ కూడా కంటితో తేల్చొద్దు. ఫియట్ లీనియాది 4×98, ఫోర్డ్ ఫిగోది 4×108. నాలుగు బోల్టుల వీల్‌కు ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకు డిజిటల్ కాలిపర్‌తో కొలవండి. ఐదు బోల్టులైతే పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించండి.

డబ్బులిచ్చే ముందు రిమ్‌ను బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. వంకర ఉంటే దొరికిపోతుంది. లోపలి వైపు పగుళ్లు, వెల్డింగ్ మచ్చలు ఉంటే బేరం కూడా చేయకండి, వచ్చేయండి.

"ఇంత లెక్క ఎవరు చూస్తారన్నా, ఊళ్లో అందరూ ఏస్కుంటున్నరు" అంటారు. నిజమే, చాలామందికి ఏమీ కాలేదు. మాకూ మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు.

ఆ రోజు నట్లు బిగించి, 30 స్పీడ్‌లో బోధన్ చేరాం. తర్వాత 54.1 హబ్ రింగులు, 1.25 మర ఉన్న గుండ్రటి కొన నట్లు వెతికి వేయించాం. వంద కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చెక్ చేశాం. వణుకు పోయింది. బావ మాత్రం పాత స్టీల్ రిమ్ములు అమ్మలేదు. మీరూ అమ్మకండి.