లీజు షరతు మీరితే ఫ్లాటు అమ్మకానికి చిక్కే

రాజమహేంద్రవరం: గోదావరి జిల్లాల పట్టణాల్లో ఫ్లాటు కొనేవారు లింకు దస్తావేజులు, ఈసీ చూసి తృప్తి పడటం పరిపాటి. స్థలం దీర్ఘకాలిక లీజుపై ఉన్నప్పుడు మాత్రం అసలు చిక్కు లీజు పత్రంలోని షరతుల్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము అక్కడే ఇరుక్కుంటుంది.

షరతు తప్పినంత మాత్రాన లీజు దానంతట అది రద్దు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 111(జి) సెక్షన్‌ ప్రకారం, ఉల్లంఘిస్తే స్థలాన్ని తిరిగి స్వాధీనం చేసుకుంటామని పత్రంలో ఉండాలి. స్థల యజమాని రద్దు ఉద్దేశాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. అనుమతి లేకుండా గది కట్టడం, నివాసాన్ని దుకాణంగా మార్చడం వంటి తప్పులకు 114ఎ సెక్షన్‌ కొంత రక్షణ కల్పిస్తోంది. తప్పేమిటో నోటీసులో వివరించి, సరిదిద్దుకునేందుకు సముచిత గడువు ఇవ్వనిదే ఖాళీ చేయించే దావా చెల్లదు.

అయితే లీజు హక్కును ఇతరులకు బదిలీ చేయరాదన్న షరతుకు ఈ రక్షణ వర్తించదు. అమ్మకం వేళ అడ్డుపడేది సరిగ్గా ఆ షరతే.

ఉల్లంఘన సంగతి తెలిసీ, ఆ తరువాతి కాలపు అద్దెను యజమాని స్వీకరిస్తే 112 సెక్షన్‌ కింద రద్దు హక్కును వదులుకున్నట్లే. దావా వేశాక పుచ్చుకున్న అద్దెకు ఇది వర్తించదు. అందుకే రశీదులు భద్రపరచుకోవాలి.

కొనుగోలుదారు మామూలు శ్రద్ధతో గుర్తించలేని లోపం తనకు తెలిసి ఉంటే అమ్మకందారు చెప్పి తీరాలి. దాచడాన్ని 55వ సెక్షన్‌ మోసంగానే పరిగణిస్తోంది.

కనుక బయానా పుచ్చుకోక ముందే తప్పును సరిదిద్ది, యజమాని నుంచి లిఖితపూర్వక సమ్మతి పొందడం శ్రేయస్కరం. దేవాదాయ స్థలాలైతే 1987 నాటి ప్రత్యేక చట్టాన్నీ పరిశీలించాలి. నోటిమాటను నమ్ముకుంటే అమ్మినవారికీ, కొన్నవారికీ కోర్టు మెట్లు తప్పవు.