నొప్పి పోయింది సరే, నిలకడ వచ్చిందా?

రగ్బీలో ఎవరికైనా గాయమైతే అందరూ ఎదుటివాడి భుజాన్నే నిందిస్తారు. అది పూర్తిగా తప్పు కాదు. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టే టాకిల్‌లోనే ఆ ఆటలో ఎక్కువ గాయాలు తగులుతాయి. అయితే ఢీకొన్న క్షణంలో ఆటగాడి బరువు ఏ కాలిపై ఉంది, ఆ కాలికి అతణ్ణి నిలబెట్టే శక్తి ఉందా అని అడిగేవారు అరుదు. నా అభియోగం అక్కడే.

మీరు గోడ పక్కన, కళ్లు మూసుకొని ఒంటికాలిపై నిలబడి చూడండి. చూపు తప్పుకోగానే భారమంతా లోపలి చెవి మీద, కండరాల్లోనూ కీళ్లలోనూ ఉండి అవయవాల స్థితిని మెదడుకు తెలిపే నాడీ గ్రాహకాల మీద పడుతుంది. చీలమండ బెణికినప్పుడు లిగమెంట్లతో పాటు ఈ వార్తాహరులూ దెబ్బతింటారు. వాపు దిగుతుంది, నొప్పి పోతుంది. వార్త అందడంలో లోపం మాత్రం మిగిలిపోవచ్చు. పాదం ఒరిగిన సంగతి మెదడుకు తెలిసేలోగా రెండో బెణుకు జరిగిపోతుంది. అటువంటివాడికి పట్టీ చుట్టి, "నడుస్తున్నావు కదా, దిగు" అని మైదానంలోకి తోయడం నిర్లక్ష్యం. ఫిట్‌నెస్ పత్రంపై కళ్లు మూసుకొని సంతకం చేసే మా వృత్తివారినీ నేను మినహాయించను. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆటగాడి నిలకడను కూడా పరీక్షించడం అంతర్జాతీయ రగ్బీలో ఉన్న పద్ధతే. కాలిదెబ్బకు ఆ పాటి శ్రద్ధ ఎందుకు ఉండకూడదు?

ఇదంతా ఖర్చుతో కూడిన పని అంటారేమో. ఇంగ్లండ్‌లో 40 పాఠశాలల రగ్బీ బాలురపై బాత్ విశ్వవిద్యాలయం వారు జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. నిలకడ, కండరబలం, గెంతి సరిగా దిగడం వంటి వ్యాయామాలను ఆటకు ముందు చేయించారు. వారానికి కనీసం మూడుసార్లు చేసిన జట్లలో, మామూలు వార్మప్ చేసిన జట్లతో పోలిస్తే, మ్యాచ్ గాయాలు 72 శాతం, కంకషన్లు 59 శాతం తగ్గాయి. అరకొరగా చేసినచోట ఇంత లాభం లేదు. ఈ ఘనత ఒక్క నిలకడదే అనను. కానీ దీనికి కావలసింది యంత్రాలు కాదు, ప్రతిసారీ ఇరవై నిమిషాల ఓపిక.

2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టును చూసి మీ ఇంటి పిల్లలూ బంతి అడగవచ్చు. తప్పక కొనివ్వండి. బెణుకు తర్వాత మళ్లీ ఆడించే ముందు మాత్రం కోచ్‌ను అడగండి: గాయపడిన కాలిపై, బాగున్న కాలిపై నిలిచినంతసేపు నిలుస్తున్నాడా? ఆ ఒక్క కాలితోనే గెంతి తూలకుండా దిగుతున్నాడా? చూడలేదంటే ఆ రోజుకు పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని ఇంటికి వచ్చేయండి.