నూలునకు చెల్లినది చర్మమునకు చెల్లదు

సత్రపట్టి కట్టుగుడ్డలకు పేరుపడిన ఊరు. మగ్గము దిగిన గుడ్డ తెల్లగా నుండదని ఇచ్చటివారికి చెప్పనక్కఱలేదు. నూలులోని సహజమైన మైనము పోవువఱకు ఉడికించి, చలువచేసినగాని అది నెత్తురు పీల్చదు, గాయమునకు పనికిరాదు. ఇది నూలు ధర్మము. దీనినే మన ఆడపిల్లల మొగములకు వర్తింపజేయుచున్నాము. దానిమీదనే నా తగవు.

చర్మమునకు నలుపునిచ్చు మెలనిన్ మురికి కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి ఒడలిని కాచు కవచము. కొన్ని లేపనములలో దొంగచాటుగా పాదరసము కలుపుదురు. అది మెలనిన్ పుట్టుకను అడ్డగించును. చర్మముగుండ లోనికి పోయి మూత్రపిండములను చెఱచును. 2023లో కనుమలకు ఆవల, కేరళలోని మలప్పురం జిల్లాలో, తెలుపు లేపనములు వాడినవారికి మూత్రపిండవ్యాధి వచ్చుటను వైద్యులు గుర్తించిరి.

'ఫెయిర్ అండ్ లవ్లీ' 1975లో బజారుకు వచ్చెను. తెల్లనిదానికే ఉద్యోగము, తెల్లనిదానికే వరుడు అని ఏండ్ల తరబడి బొమ్మకట్టి చూపి, 2020లో పేరులోని 'ఫెయిర్' తీసి 'గ్లో' అని పెట్టుకొన్నది. నల్లనివారిని చిన్నబుచ్చు ప్రకటనలు కూడదని 2014లో ప్రకటనల ప్రమాణమండలి నియమము చేసెను. మంచిదే. మన ఇంటి పెద్దల నోటికి ఏ మండలి నియమము చేయును?

మనకు వేఱొక చిక్కు కూడ కలదు. వీధిలో తమిళము, బడిలో తమిళము, ఇంగ్లీషు. పెక్కిండ్లలో పిల్లల చెవినిబడు తెలుగు తల్లిమాట. అది కాక సినిమా, టీవీ. భాష నిలుచునని ఆ పెట్టెను మనమే తెఱచితిమి. దానితోపాటు తెలుగురాని తెల్లని నాయికయు నట్టింటికి వచ్చినది. ఆమె మాట తఱచు వేఱొకరిది. ఆమె మెఱుగు దీపములది. ఆమెతో మన పిల్ల తన్ను పోల్చుకొనుచున్నది. ఇప్పుడు సెల్‌ఫోనే అద్దము. ఫొటో తీయకముందే అది మొగమును తెలుపుచేసి చూపును.

2013లో మిస్ అమెరికాగా ఎన్నికైన నీనా దావులూరి తెలుగింటి బిడ్డ. ఆనాడు అమెరికాలో కొందఱు ఆమెను పరదేశి యని దూషించిరి. మనదేశములోనో, ఈ చాయతో ఇచ్చట నెగ్గియుండెడిదా యని చర్చ నడచినది. మొదటిదానిని జాత్యహంకార మంటిమి. రెండవదాని కేమి పేరు పెట్టుదము?

మన పొరుగుననున్న శ్రీవిల్లిపుత్తూరులో గోద, దేవునికని కట్టిన దండను తాను ధరించి బావినీటిలో చూచుకొన్నదని కథ. ఆ బావిని గుడిలో నేటికిని చూపుదురు. ఆమె చరితమునే కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'గా తెలుగున వ్రాసెను. ఆ పిల్ల చూచుకొన్నది దండ కుదిరినదా యని. చాయ తగ్గినదా యని కాదు. వలచినవాడో, నీలమేఘశ్యాముడు!

అట్టి ఊరి ప్రక్కన నుండి, సంబంధమునకు పంపు ఫొటోను "కొంచెము తెలుపుచేయుము" అని స్టూడియోవానిని అడుగుచున్నాము. పెండ్లిచూపులకు వచ్చిన పెద్దమ్మ "పిల్ల చదువు బాగున్నది, చాయయే..." అని ఆగును. ఆ ఆగుటను లోపలిగదిలో పిల్ల వినును. ఏండ్లు గడచినను మఱవదు.

పెండ్లి వివరముల కాగితములో 'రంగు' అను గడిని కొట్టివేయుడు. ముందుగా మగపిల్లల తల్లులు కొట్టివేయవలెను. ఆడపిల్ల తల్లి కొట్టివేసినచో, ఏదో దాచుచున్నదందురు.