విమానయానమునకు వంటింటిలో సన్నాహము



పుష్పకవిమానమున ఎందరెక్కినను మరియొకరికి చోటు మిగిలియుండునని పెద్దలు చెప్పుదురు. నేటి విమానములకు ఆ ఔదార్యము లేదు. ప్రతి పెట్టెకును తూనిక కలదు. ప్రతి పేరునకును అక్షరముల లెక్క కలదు. హైదరాబాదు నగరమునుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవు ఆర్టీసీ బస్సులకు ఎవరో రసజ్ఞులు ‘పుష్పక్’ అని పేరు పెట్టిరి. ఆ బస్సు దిగుటతోనే పుష్పకపు మర్యాదలు ముగిసినవని యెంచుకొనవలెను.

గతమాసమున కొత్తగూడెమునుండి ఒక సోదరి నాకు జాబు వ్రాసినది. ఆమె అత్తగారు అరువది దాటిన పెద్దావిడ. కుమార్తె పురుటికై అమెరికాలోని డాలసు నగరమునకు ఒంటరిగా పోవలసియున్నది. ఇంగ్లీషు రాదు. “అత్తయ్యగారికి విమానమన్న భయము లేదండీ, అక్కడ వరుసలో నిలువబెట్టి ఏమడుగుదురో అనియే భయము” అని ఆమె వ్రాసినది. నాకు తోచునదేమనగా, ఆ వరుసలో కలుగు చిక్కులలో చాలభాగము మన వంటింటిలో పెట్టె సర్దునాడే పుట్టుచున్నవి. కావున అక్కడనే ఆరంభింతును.

మొదట ఆవకాయ. ఏ తల్లియు ఆవకాయ లేక బిడ్డ యింటికి పోదు; మానుమని నేనును చెప్పను. అయితే మన దేశమునుండి పోవు అంతర్జాతీయ విమానములలో 100 మిల్లీలీటర్లకు మించిన పాత్రలో ద్రవపదార్థమేదియు చేతిసంచిలో సాగదు. ద్రవరూపమైన ప్రేలుడు పదార్థములతో విమానములను కూల్చుటకు పన్నిన కుట్ర 2006లో లండనున బయటపడిన పిమ్మట ఏర్పడిన నియమమిది. పచ్చడి, నేయి, తేనె, పెరుగు అన్నియు ద్రవముల క్రిందనే లెక్క. ఆవకాయ పెద్దపెట్టెలోనే పోవలెను. ఆకాశమున విమానములోని గాలి యొత్తిడి ఆరు మొదలు ఎనిమిది వేల అడుగుల కొండమీద నున్నంతకు తగ్గును. అప్పుడు డబ్బాలోని గాలి వ్యాకోచించి నూనెను మూతవైపునకు నెట్టును. గట్టిగా బిగించితిమి గదా యని ధైర్యపడిన యిల్లాలి పట్టుచీరలకు నూనె అంటుట ఇందువలననే. కావున గాజుసీసా, జాడీ వలదు. గట్టి ప్లాస్టికు డబ్బాలో మూడువంతులు మాత్రమే నింపి, ఊటనూనెను కొంత తీసివేసి, మూతచుట్టు టేపు వేసి, రెండు సంచులలో నొకదానిపై నొకటిగా పెట్టి, పాత తువ్వాలుతో చుట్టి పెట్టె నడుమ నుంచుడు. డబ్బాపై ‘మాంగో పికిల్’ అని ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుడు. పెట్టె తెరచి చూచు అధికారికి మన ఎఱ్ఱని ముద్ద యేమో తెలియదు. తెలియనిదానిని అనుమానించుట అతని యుద్యోగధర్మము.

ఇక అమెరికాకు పోరాని వస్తువులు. కోడిపచ్చడి, మాంసపు పచ్చడి కూడదు. పచ్చి పండ్లు, విత్తనములు కూడదు. పచ్చి కరివేపాకు కూడదు. ఆ ఆకుమీద నుండు చిన్న పురుగు అక్కడి నారింజ, నిమ్మ తోటలకు తెగులు తెచ్చునని వారి భయము. బియ్యము కూడదను మాట వినగానే పలువురు నవ్వుదురు. ధాన్యపు గిడ్డంగులను పాడుచేయు ఖప్రా యను పురుగు మన దేశమున నున్నది గనుక, 2011 నుండి ప్రయాణీకుల సామానులో బియ్యమును, సెనగలను అచట రానీయరు. “మా చేను బియ్యమమ్మా, పురుగు లేదు” అన్నచో ప్రయోజనము లేదు.

తినుబండారములను గూర్చి ఒక్కమాట మరువరాదు. పెట్టెలో తిండి యేదైన నున్నదా అని అడిగినచో, ఉన్నదనియే చెప్పవలెను. ఉన్నదని ముందుగా చెప్పినవారి వద్ద కూడనిది కనబడినచో దానిని తీసి పారవేయుదురు; అంతటితో సరి. లేదని చెప్పి దొరికినచో మొదటి తప్పునకే వేయి డాలర్ల వరకు జరిమానా వేయవచ్చును. సున్నుండలకొరకు అబద్ధమాడి అంత సొమ్ము పోగొట్టుకొనవలసిన అగత్యమేమి?

మన అడవి సరిహద్దు వారికి వేరు చిక్కులున్నవి. అడవితేనె మంచిదని సీసాలకు సీసాలు కట్టించుకొందురు. న్యూజీలాండు దేశమునకు తేనె చుక్కైనను కొనిపోరాదు. నెమలి యీకలు ఇంట గోడకు పెట్టుకొనుట మనకు వాడుక. వానిని మన దేశము దాటించుట నిషిద్ధము. జింకకొమ్ము మాట చెప్పనక్కరలేదు, అది 1972 నాటి వన్యప్రాణి చట్టమునకు లోనైనది. రాముని ప్రసాదముతోపాటు ఎండుకొబ్బరి, కర్పూరము మూట కట్టుట కూడ మన ఆచారము. ఈ రెండును విమానపు పెట్టెలో పెట్టరాదు. ఎండుకొబ్బరిలోని నూనె తనంతట వేడెక్కి మండునట్టిది; కర్పూరపు సంగతి మనమెరిగినదే. 2024 అక్టోబరున అయ్యప్ప భక్తుల ఇరుముడి కొబ్బరికాయను చేతిసంచిలో అనుమతించుచు పౌరవిమానశాఖ వారు, మన తెలుగు మంత్రి రామ్మోహన్‌ నాయుడుగారి కాలమున, 2025 జనవరి 20 వరకు ప్రత్యేకముగా సడలింపు నిచ్చిరి. ప్రత్యేకమైన సడలింపు అవసరమైనదనగా మామూలుగా అది కూడదనియే గదా!

గల్ఫునకు పోవువారు అన్నిటికంటె భయపడవలసిన వస్తువు గసగసాలు. మనకది మసాలాలో చిటికెడు. ఎమిరేట్సు, సౌదీ అరేబియా దేశములలో అది నల్లమందు మొక్క గింజ. మాదకద్రవ్యముగా నెంచి చెరసాలకు పంపగలరు. మా వీథిలోని ఒక పిన్నిగారు కుమారుని యొద్దకు పోవుచు మసాలాపొడి కొట్టించుకొనిరి. పొడిలో నేమేమి వేసితిరని కోడలు అడిగినందున సంగతి తెలిసి ఆ పొడి ఇంటనే నిలిచినది. కొట్టిన పొడిలో గసగసాలు కంటికి కనబడవు, కావున పరదేశమునకు పోవు పొడిని వేరుగా కొట్టించుడు. తమలపాకులు, వక్కపొడి పెట్టె ఎమిరేట్సునకు వలదు. అమెరికాకు దుబాయి మీదుగా పోవువారును ఈ మాట తమదిగా తలంపవలెను. విమానము తప్పి ఒక రాత్రి అక్కడ ఆగవలసి వచ్చినచో పెట్టె వారి నేలమీదనే తెరువబడును.

దీనితోడిదే మరియొకటి. “మా అబ్బాయికి చిన్న పొట్లము, వదినా, నీ పెట్టెలో మూలకు పెట్టుకొనుము” అను మాట. బంధుత్వము పోవునని జంకి పలువురు పుచ్చుకొందురు. మీ యెదుట విప్పి, ప్రతి వస్తువును చూచి, మీ చేతితో మరల కట్టనిది పుచ్చుకొనవలదు. ఎవరి పెట్టెలో దొరికిన వారిదే నేరము; పొట్లమిచ్చిన వదినగారు ఖమ్మములోనే యుందురు. మందులు కూడ నిట్లే. చీటీలేని నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు గల్ఫున ప్రమాదము. మీ మందులను అట్టతోను వైద్యుని చీటీతోను, చేతిసంచిలో పెట్టుకొనుడు.

పెట్టె బరువు టిక్కెట్టుమీద చూడుడు. అమెరికా ప్రయాణమునకు 23 కిలోలవి రెండు పెట్టెలు పలు కంపెనీలలో వాడుక, కాని అందరికి నొకటి కాదు. ఏ పెట్టెయు 32 కిలోలు దాటరాదు. గుండ్రని మూటలు, త్రాళ్లతో బిగించిన గంపలు వలదు. అడుగుభాగము చదునుగా లేని సామానును 2017 మార్చి నుండి దుబాయి విమానాశ్రయమువారు స్వీకరింపరు. సెల్‌ఫోను చార్జిచేయు పవర్‌బ్యాంకును చేతిసంచిలోనే యుంచవలెను, పెద్దపెట్టెలో పెట్టరాదు.

పేరు సంగతి మన తెలుగువారికి తలనొప్పి. ఇంటిపేరు ముందు వ్రాయుదుము, ఒక్క అక్షరముగా కుదింతుము, పెండ్లి యైన తరువాత మార్తుము. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా నున్నచో అమెరికా వీసామీద అసలు పేరు స్థానమున ‘ఎఫ్‌ఎన్‌యు’ అని మూడక్షరములు పడును. పేరు తెలియదని దాని యర్థము! ఒకే పేరు గల పాస్‌పోర్టుతో వచ్చు సందర్శకులను 2022 నవంబరు నుండి ఎమిరేట్సువారు రానీయరు. టిక్కెట్టు కొనుటకు ముందే పాస్‌పోర్టు దగ్గర పెట్టుకొని అక్షరమక్షరము పోల్చుడు. పదవ తరగతి పూర్తికాని సోదరి గల్ఫునకు పనికి పోవుచున్నచో ఎమిగ్రేషను అనుమతి పొందియే పోవలెను. సందర్శకుల వీసాపై పంపి అక్కడ పని ఇప్పింతునను ఏజెంటు మాట నమ్మవలదు.

ఇక బయలుదేరుట. భద్రాచలమునకు రైలు లేదు. భద్రాచలం రోడ్డు అను స్టేషను కొత్తగూడెమున నున్నది. వానకాలమున మన దారి గోదావరి దయ. 43 అడుగులకు మొదటి ప్రమాదసూచిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటగా వంతెనపై రాకపోకలను ఆపివేసిరి. ఆషాఢ శ్రావణములలో ప్రయాణమున్నచో రెండు దినములు ముందే హైదరాబాదు చేరి చుట్టముల యింట నుండుడు. విమానము బయలుదేరుటకు నాలుగు గంటల ముందు శంషాబాదులో నుండుట మేలు. మనవారు దేశము విడుచునపుడు నింపవలసియుండిన కాగితము 2017 జూలై 1 నుండి లేదు. అడుగుటకు జంకక, చక్రముల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునాడే వ్రాయించుడు, రుసుము లేదు. మోకాళ్లు గట్టిగా నున్నవారు త్రోవ చూపుటకై కుర్చీ యెక్కుట నాకు సమ్మతము కాదుగాని, చదువురాని యొంటరి తల్లిని నేను తప్పుపట్టజాలను.

దారిలో రెండు సంగతులు. అబూధాబి మీదుగా పోవు పలువురికి అమెరికా అధికారుల తనిఖీ, 2014 నుండి, ఆ అబూధాబిలోనే జరుగును. నడుమ గంటన్నర మాత్రమే యున్న టిక్కెట్టు కొనవలదు. ఇతర మార్గములలో అమెరికాలో మొదట దిగు ఊరనే పెట్టెలు తీసికొని, తనిఖీ ముగించుకొని, మరల అప్పగింపవలెను. డాలసు వరకు చీటీ కట్టియున్నను సరే. ఈ సంగతి తెలియక పెట్టెలను విడిచి ముందునకు పోవువారు చాలమంది.

ఇక ఆ వరుస. అధికారి అడుగునవి మూడు నాలుగు: ఎందుకు వచ్చితిరి, ఎవరి యింట నుందురు, ఎన్నాళ్లుందురు, తిరుగు టిక్కెట్టు కలదా. కుమార్తెను, మనుమని చూడ వచ్చితిననుట నిజము, అదియే చెప్పవలెను. జీతమునకు పని చేయుటకు ఈ వీసాపై హక్కు లేదు. కుమార్తె పేరు, చిరునామా, సెల్‌ఫోను నంబరు ఇంగ్లీషున పెద్ద యక్షరములతో వ్రాసి పాస్‌పోర్టులో నుంచుడు. అర్థము కానిచో తల ఊపవలదు. “తెలుగు ఇంటర్‌ప్రెటర్” అను రెండు మాటలు నేర్పి పంపుడు. సెల్‌ఫోనులో తెలుగు చెప్పువారిని కలుపుదురు. చదివి వినిపింపని కాగితమున సంతకము చేయరాదు. మరియు వీసామీద పదేండ్లు అని యున్నంతమాత్రమున పదేండ్లుండరాదు. ప్రతిసారియు ఆ అధికారి నిర్ణయించు తేదీయే హద్దు, వాడుకగా ఆరు నెలలు. ‘ఐ-94’ అను ఆ లెక్కను కుమార్తె మరునాడే కంప్యూటరులో చూచి క్యాలెండరుపై గుర్తుపెట్టవలెను. ఒక దినము దాటినను మరుసటి రాకకు చేటు.

తిరిగి వచ్చునాడు మన కస్టమ్సువారి ఎఱ్ఱ ద్వారము, పచ్చ ద్వారము ఉండును. పన్ను చెల్లింపవలసినది ఉన్నచో ఎఱ్ఱద్వారమునకే పోవలెను. ఒక సంవత్సరమునకు పైగా పరదేశమున నుండి వచ్చు స్త్రీకి 40 గ్రాముల నగలవరకు పన్ను లేకుండు సౌకర్యము కలదు. ఆరు మాసములకే వచ్చు తల్లికి ఆ లెక్క వర్తింపదు. కావున పోవునాడు మెడలోని కాసులపేరు, చేతుల గాజులు మొదలగు బరువైన నగలున్నచో శంషాబాదులోనే కస్టమ్సువారికి చూపి, తూనికతో ధ్రువపత్రము వ్రాయించుకొనుడు. ఆ కాగితమును నగలపెట్టెలో కాక పాస్‌పోర్టుతో నుంచుడు.