ఫ్లాటు కొని పాట్లు పడదామా?

మా ఆఫీసు క్యాంటీన్లో చిత్తూరు జిల్లావాళ్ళు నలుగురు కలిస్తే చాలు, ఒకటే పాట. "తిరుపతిలో ఓ ఫ్లాట్ కొని అద్దెకు పడేస్తే సరి. వెంకన్న ఉన్నంత కాలం ఢోకా లేదబ్బా!" (2022లో తిరుపతి వేరే జిల్లా అయిందిగానీ, మాకింకా అంతా చిత్తూరు జిల్లానే.) వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

వెంకన్న దగ్గరికి రోజూ వేలమంది వస్తారు, నిజమే. వాళ్ళు కొండ మీద గదిలోనో, కింద సత్రంలోనో ఒక రాత్రి పడుకుని, దర్శనం చేసుకుని, లడ్డూలు పట్టుకుని రైలెక్కేస్తారు. నెలనెలా అద్దె కట్టేది వాళ్ళు కాదు. యూనివర్సిటీలో, రుయాలో, స్విమ్స్‌లో, దేవస్థానంలో పనిచేసేవాళ్ళు. వాళ్ళు ఇవ్వగలిగిన అద్దె బెంగుళూరు అద్దె కాదు. రోజు లెక్కన భక్తులకే ఇస్తానంటారా? అది అద్దె కాదు, లాడ్జీ నడపడం. దుప్పట్లు ఎవరు ఉతికిస్తారు, అర్ధరాత్రి తాళం ఎవరిస్తారు?

ఇంకోటి, ఐఐటీ. 2015లో ఐఐటీ, ఐసర్ మొదలైనప్పటి నుంచీ ఏర్పేడు, రేణిగుంట వైపు వెంచర్ వేసిన ప్రతివాడికీ అదే మంత్రం. ఐఐటీ పిల్లలు క్యాంపస్ హాస్టల్లో ఉంటారు స్వామీ, మీ డబుల్ బెడ్‌రూములో కాదు!

సరే, లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. ఫ్లాట్ 60 లక్షలు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, అంటే 4.5 లక్షలు. మొత్తం 64.5. అద్దె నెలకు 13 వేలు, ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుంటే 1,43,000. మెయింటెనెన్సు 24 వేలు, ఇంటిపన్ను, రిపేర్లు ఓ 15 వేలు తీసేస్తే మిగిలేది 1,04,000. అంటే 1.6 శాతం! బ్యాంకు ఎఫ్‌డీ నవ్వుతుంది. 48 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్ళయితే ఈఎమ్ఐ 41 వేల పైచిలుకు. కొత్త పన్ను విధానంలో ఉంటే, అద్దెను మించిన వడ్డీని జీతంలోంచి తగ్గించుకునే దారి కూడా లేదు.

"రేటు పెరుగుతుంది కదా" అంటారు. పెరగొచ్చు. అయితే దాన్ని పందెం అనండి, రెంటల్ ఇన్‌కమ్ అనకండి.

ఈ లెక్కలో ఎవరూ వెయ్యని ఖర్చు ఒకటుంది. నాయన. మనం బెంగుళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుంటాం. మోటారు కాలిపోతే మెకానిక్ వెంట తిరిగేది, అద్దె ఆలస్యమైతే వెళ్ళి మొహమాటంగా నిలబడేది, రిటైరైన ఆ మనిషే. అరవై ఏళ్ళు దాటాక ఆయనకి జీతం లేని ఉద్యోగం ఇచ్చి దాన్ని 'పాసివ్ ఇన్‌కమ్' అంటున్నాం. ఎవరికి పాసివ్?

అన్నట్టు, కొన్నాక మనవాళ్ళు పెట్టే షరతులు చూడాలి. బ్యాచిలర్లకివ్వం, నాన్‌వెజ్ వాళ్ళకివ్వం, చివర్లో మెల్లగా "మీరేమిట్లు?" అని. మారతహళ్ళిలో బ్యాచిలరని ఇల్లు దొరక్క తిరిగినోళ్ళే వీళ్ళంతా! ఉన్న పదిమంది గిరాకీలో ఎనిమిది మందిని తరిమేసి, ఇల్లు ఖాళీగా ఉందని ఏడుపు.

ఇంత చెప్పినా కొంటానంటే మీ ఇష్టం. కాగితాలైనా చూడండి. 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడి పాలన చూసిన హాథీరాంజీ మఠానికి తిరుపతి చుట్టూ భూములున్నాయి. దేవస్థానానివి, ప్రభుత్వానివి సరేసరి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో ముందు చూడాలి. డీకేటీ పట్టా అన్న మాట చెవిన పడితే లాయరు తేల్చేదాకా ఆగాలి. "తుడా అప్రూవల్ ఉంది సార్" అంటాడు బ్రోకరు. తుడా చూసేది ప్లాను, మీ హక్కుకు అది పూచీ పడదు. ముప్పై ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు అన్నీ చేతికొచ్చి, మీరు ఫీజిచ్చి పెట్టుకున్న లాయరు (బిల్డరు చూపించిన లాయరు కాదు) చదివేదాకా అడ్వాన్సు పైసా ఇవ్వొద్దు.