రబ్బరు లేని డ్రాయింగు

మన కాలేజీలో బొమ్మలు వేసేవాళ్లెవరంటే నలుగురైదుగురి పేర్లు చెబుతారు. తక్కినవాళ్లంతా “మనకా చెయ్యి లేదండీ” అని తప్పుకుంటారు. ఆ మాట నేనొప్పుకోను. లోపం చేతిలో లేదు, మొదటి గీత తప్పుతుందేమోనన్న భయంలో ఉంది.

ఆ భయం మనకు నేర్పిందే. జువాలజీ రికార్డులో సీనియర్ల కప్పనే ట్రేస్ చేస్తాం. పాపం, అది ఎన్ని బ్యాచిల నుంచి అలా కాళ్లు చాపుకుని పడుందో! ఇక మనిషి బొమ్మంటే కన్ను, ముక్కు, చెవి విడివిడిగా దిద్దించి చివరికి అతికిస్తారు. ఆ మనిషి గోడకు మేకు కొట్టినట్టు నిలబడతాడు.

దీనికి మందు జెస్చర్ స్కెచ్. నిమిషమో, అరనిమిషమో టైము. తల ఎటు వాలింది, వెన్ను ఎలా వంగింది, బరువు ఏ కాలిమీదుంది, అంతవరకే చూసి చకచకా గీసెయ్యాలి. ముక్కూ మొహం తర్వాత. న్యూయార్కులో కిమన్ నికొలాయిడీజ్ తన పాఠాల్లో దీన్ని నేర్పేవారు. ఆయన 1938లో పోయాక, 1941లో ఆ పాఠాలు పుస్తకంగా వచ్చాయి.

అమెరికా సరుకని ముక్కు విరిచే పెద్దలకు ఒక మనవి. మద్రాసు మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పం, నలగిరి ఏనుగు ఫలకం చూడండి. వీధిలో ఏనుగు రేగితే జనం బెదిరిన తీరంతా ఒళ్లు వంగిన వంపులోనే ఉంది. మొహాలు అరిగినా భయం అరగలేదు.

“ముందు ఎముకల లెక్క తెలియాలి గదా” అని ఒక లెక్చరరుగారు నాతో వాదించారు. తెలియాలి, కాదనను. కానీ వంద వంపులు గీసినవాడు ఆ లెక్క తనే వెతుక్కుంటూ వస్తాడు. ముందే లెక్క పెడితే సగంమంది పారిపోతారు.

పొన్నూరులో మోడళ్లకు కరువా? బస్టాండులో మూట నెత్తికెత్తుకునే ఆసామి ఉన్నాడు, మన గ్రౌండులో కబాడీ కూతకెళ్లే కుర్రాడున్నాడు. ఊడుపు చేలో ఆడవాళ్ల నడుము ఎంతసేపు వంగే ఉంటుందో దారినపోయేవాడికి పట్టదు. పదిసార్లు గీసినవాడికి తన నడుమే నొప్పెడుతుంది. అయితే అడిగి గియ్యండి, దొంగచూపులు వద్దు.

యూనియన్‌వారిని కోరేది వారానికొక గంట. ఖర్చేముంది? ఒకవైపు అచ్చయిన పాత కాగితాలు, పెన్సిళ్లు, టైము చెప్పడానికొక గడియారం. రబ్బర్లు మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌కిచ్చి రావాలి.