సంఘం వీసా ఆఫీసు కాదు



"పాస్టర్ గారూ, కువైట్‌కు పోవాలంటే మెడికల్ అడుగుతారు కదా, పెళ్లికి ఎందుకు అడగకూడదు? హెచ్.ఐ.వి. లేదని సర్టిఫికెట్ తెచ్చినోళ్లకే సంఘంలో పెళ్లి చేస్తామని రూలు పెడదాం." ఇలా అనే పెద్దలు మన కర్నూలు, కడప ప్రాంతాల్లో ఉన్నారు. ఆడపిల్లల తండ్రుల భయం నాకు తెలుసు. అయినా ఈ రూలు వద్దని నా అభిప్రాయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ల వారిని పరీక్షిస్తే, హెచ్.ఐ.వి. ఉన్నవారు దేశంలో 0.28 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. అంటే దాదాపు నూటికి ఒకరు. 2021 జాతీయ అంచనాల్లో దేశానికి 0.21, ఇప్పటి మన రాష్ట్రానికి 0.67. నేటికీ దేశ సగటుకు మూడు రెట్లు మన దగ్గరే.

అయితే ఈ రోగం ఏ దారిన వస్తుందో చూడండి. వానలు మోసం చేస్తే కోసిగి, ఆదోని వైపు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరపకోతలకు కొందరు, బెంగళూరు బిల్డింగు పనులకు కొందరు. రాయచోటి, రాజంపేట నుండి గల్ఫ్‌కు పోతారు. లారీ నడిపేవాళ్లు వారాల తరబడి ఇంటికి రారు. భార్యాభర్తలు నెలల కొద్దీ వేరుగా ఉండడం, చేతిలో కూలి డబ్బు, సాయంత్రమైతే మందు, అడిగేవాళ్లు లేని ఊరు. ఇవన్నీ కలిసినచోట రోగానికి దారి దొరుకుతుంది.

ఇంకొకటుంది. సెగ, సవాయి వంటి సుఖరోగాలు వస్తే మగవాడు సిగ్గుపడి మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొని ఊరుకుంటాడు. భార్యకు చెప్పడు. ఆడవాళ్లలో చాలామందికి లక్షణాలు పైకి కనబడవు కాబట్టి ఆమెకు తెలియదు. ఇద్దరికీ వైద్యం జరగకపోతే ఆ రోగం ఇద్దరి మధ్యే తిరుగుతుంది. ఆ పుండ్లు ఉన్నచోట హెచ్.ఐ.వి. మరింత సులభంగా లోపలికి వస్తుంది.

ఇప్పుడు చెప్పండి, పెళ్లినాటి సర్టిఫికెట్ దీన్ని ఆపుతుందా? కొత్తగా సోకిన రోగం కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలల దాకా పరీక్షలో బయటపడకపోవచ్చు. పైగా ఆ కాగితం ఆ రోజు వరకే. పెళ్లి తర్వాత వచ్చే ప్రతి సుగ్గికీ అది సాక్ష్యం చెప్పదు. మన దగ్గర ఎంతోమంది సహోదరీలకు ఈ రోగం తమ భర్త నుండే వచ్చింది. వాళ్లు నమ్మకంగానే బ్రతికారు. ఒక్కరే నమ్మకంగా ఉంటే కాపురానికి కాపుదల లేదు.

చట్టం కూడా ఉంది. 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం మనిషి తెలిసి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఆ కాగితం సంఘం బీరువాలోకి వస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పెళ్లి ఆగిన పిల్ల మరుసటి ఆదివారం గుడికి వస్తుందా? కువైట్‌కు పనివాళ్లు కావాలి, పనికిరారనుకుంటే వెనక్కి పంపుతుంది. సంఘం వీసా ఆఫీసు కాదు.

మరి ఏం చేద్దాం? పెళ్లి కుదిరిన ఇద్దరూ కలిసి ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐ.సి.టి.సి.కి వెళ్లి ఉచితంగా పరీక్ష చేయించుకోమని బోధిద్దాం. పిల్లను ఒక్కదాన్నే పంపొద్దు. ఫలితం వాళ్లిద్దరిది, మనం అడగొద్దు. సుగ్గికి పోయే ముందు మగవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడదాం, వచ్చాక ఆసుపత్రికి వెళ్లే ధైర్యం ఇద్దాం. పరిశుద్ధత గురించిన ప్రసంగం ఆడవాళ్ల కూటానికే ఎందుకు? దంపతుల్లో ఒకరికి రోగం ఉంటే, డాక్టరు చెప్పినట్టు కండోమ్ వాడడం పాపం కాదు, అది ప్రేమ. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయవచ్చు.

రోగం ఉందని తేలితే బ్రతుకు ముగిసినట్టు కాదు. 2004 నుండి ఎ.ఆర్.టి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. క్రమం తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే, భార్యకుగాని భర్తకుగాని కలయిక వల్ల సోకదు. వైద్యం లేకపోతే తల్లి నుండి బిడ్డకు సోకే ప్రమాదం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుంది. మందులు వాడితే అది 5 కంటే తక్కువకు దిగుతుంది.

పుట్టుగ్రుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగారు. ప్రభువు ఆ లెక్క తీయలేదు, వాని కన్నులు తెరిచాడు. కుష్ఠరోగి శుద్ధుడైన తర్వాత ఆయన ముట్టుకోలేదు, ముందే ముట్టుకున్నాడు. మన మందిరంలో ఈ మందులు వేసుకుంటున్నవారు ఇప్పటికే మన ప్రక్కన కూర్చుని ఉండవచ్చు. వాళ్లు భయం లేకుండా బల్లలో పాలుపొందే సంఘంగా దేవుడు మనలను చేయును గాక. ఆమేన్.